విరిగిన ఫోర్కు, ఊరి కొలిమి

యూజీన్ క్రిస్టోఫ్ 11 సార్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందేనికి దిగాడు. ఎనిమిదిసార్లు చివరిదాకా తొక్కాడు. ఒక్కసారీ గెలవలేదు. గెలిచినవాళ్ల పట్టికలో ఎంత వెతికినా ఆయన పేరు దొరకదు. అయినా పిరనీస్ పర్వతాల అడుగున ఉన్న సెంట్ మరీ ద కాంపాన్ అనే చిన్న ఊళ్లో ఆయన విగ్రహం నిలబెట్టారు. ఆ ఊళ్లో ఆయన పందెం గెలిచింది లేదు. అక్కడి కమ్మరి కొలిమిలో ఒక పగలు ఇనుము కాల్చుకున్నాడు, అంతే.

నేను దేవరకొండ ప్రాంతంలో కమ్మరింట పుట్టినవాణ్ణి. ఐటీఐలో పిల్లలకు వెల్డింగ్ నేర్పి రిటైరయ్యాను. క్రిస్టోఫ్ జీవితం చదవడం మొదలుపెట్టింది పందేల మీద మోజుతో అనలేను. విరిగిన సైకిలు భుజాన వేసుకుని ఊరి కొలిమికి నడిచివచ్చి, తన చేతులతో అతుకు పెట్టుకుని మళ్లీ ఎక్కి పోయినవాడు ఒకడున్నాడంటే, ఆ పని ఎంతటిదో నాకు తెలుసు గనుక చదివాను. ఆ అతుకుకు పందెం అధికారులు వేసిన శిక్ష ఎందుకు తప్పో కూడా చెప్పగలననే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

ఆయన 1885 జనవరి 22న పారిస్ శివారులోని మలకోఫ్‌లో పుట్టాడు. తాళాలు, గడియలు చేసే పని నేర్చుకున్నాడు. ఆకురాయి పట్టడం, కడ్డీ కాల్చి వంచడం, రెండు ముక్కలను ఒకటిగా చేయడం ఆ పనిలో రోజూ ఉండేవే. 1904 నుంచి సైకిల్ పందేలే వృత్తిగా చేసుకుని 1926 దాకా అందులోనే ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. నడుమ ప్రపంచయుద్ధం ఒకటి.

సైకిలు తొక్కితే కూడు ఎట్లా పుడుతుందని మనకు అనుమానం రావడం సహజమే. అప్పటికి సైకిలు జనం చేతికి కొత్తగా వస్తున్న వస్తువు. ప్యూజో, ఆల్సియాన్ వంటి కంపెనీలకు తమ సైకిళ్లు ఎంత గట్టివో ఊరూరా చూపించాలి. 'లోటో' అనే ఆటల పత్రిక అమ్ముడుపోవాలి. ఆ పత్రిక సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్ 1903లో దేశం చుట్టూ తిరిగే పందెం పెట్టాడు. అదే టూర్ డి ఫ్రాన్స్. కంపెనీలు కుర్రాళ్లకు సైకిలిచ్చి, జీతమిచ్చి దింపాయి. దిగినవాళ్లలో చాలామంది కష్టజీవులు. మొట్టమొదటి టూర్ గెలిచిన మరీస్ గారిన్ చిన్నతనంలో ఇళ్ల పొగగొట్టాలు ఊడ్చిన పిల్లవాడు. తర్వాతి కాలంలో గెలిచిన బెల్జియం మనిషి ఫిర్మాన్ లాంబో గుర్రపు జీన్లు కుట్టేవాడు. మా పాలమూరు కూలీలు బొంబాయికి పోయి, ఎక్కడ డ్యామ్ కడుతుంటే అక్కడికి పోయి రెక్కలబలం అమ్ముకున్నట్టే వీళ్లు కాళ్లబలం అమ్ముకున్నారు. దేశంకాని దేశంలో మేస్త్రీ చేతికింద ఉన్న కూలికి ఎంత మాట చెల్లుతుందో, దెగ్రాంజ్ ముందు వీళ్లకూ అంతే చెల్లేది.

వాళ్లు తొక్కిన బండి గురించి చెప్పకపోతే మిగతాదంతా గాలిమాట అవుతుంది. వెనక చక్రానికి అటొక పళ్లచక్రం, ఇటొక పళ్లచక్రం. ఒకటి చదును నేలకు, రెండోది కొండకు. ఎక్కుడు వచ్చిందంటే దిగాలి, చక్రం విప్పాలి, తిప్పి బిగించుకోవాలి. తొక్కుతూనే గేరు మార్చే పరికరాన్ని టూర్‌లో 1937 దాకా రానివ్వలేదు. అదనపు టైర్లు భుజాలకు అడ్డంగా వేసుకుని పోయేవాళ్లు. రోడ్లు కంకర, దుమ్ము, వాన పడితే బురద. ఒక్కో రోజు పందెం 300, 400 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైచిలుకు ఉంటుంది. పోయి, వచ్చి, మళ్లీ పోయినంత దూరం ఒక్క దినంలో తొక్కాలి. అందుకే తెల్లవారుజామున, ఒక్కోసారి అర్ధరాత్రికే బయలుదేరదీసేవాళ్లు.

ఇన్నిటికీ మించి దెగ్రాంజ్ పెట్టిన నియమం ఒకటుంది. ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకోవాలి. పరాయి చెయ్యి పడిందా, శిక్ష. ఒంటరి మనిషి సత్తా తేలాలన్నది ఆయన పట్టుదల.

క్రిస్టోఫ్ మొదటి టూర్ 1906లో. తొమ్మిదో స్థానం. 1909లో మళ్లీ తొమ్మిదే. చలికాలంలో పొలాల్లో, బురదలో, సైకిలు భుజాన మోస్తూ పరుగెత్తే పందేలుంటాయి. వాటిని సైక్లోక్రాస్ అంటారు. అందులో 1909 నుంచి 1914 దాకా వరుసగా ఆరేళ్లు ఫ్రాన్స్ జాతీయ విజేత ఆయనే. సైకిలు భుజాన మోసే ఆ అలవాటు తర్వాత ఎట్లా అక్కరకు వచ్చిందో చూస్తాం.

ఆయన పేరు దేశాలు దాటింది 1910లో, ఇటలీలో. మిలాన్ నుంచి సముద్రతీరంలోని సాన్ రెమోకు 290 కిలోమీటర్ల పందెం. ఏప్రిల్ 3వ తేదీ. మన దగ్గర అప్పటికి ఎండ ముదిరి, మధ్యాహ్నం వేళ గొడ్లు చెట్టునీడ వదలని రోజులు. అక్కడ తుర్కీనో కనుమ మీద మంచు కురుస్తున్నది. బయలుదేరిన అరవై చిల్లర మందిలో చాలామంది కనుమ దగ్గరికే వదిలేశారు. క్రిస్టోఫ్ చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. కడుపులో నొప్పి పట్టి రోడ్డు పక్కన ఆగిపోతే దారిన పోయే మనిషొకడు ఒక పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఇంటివాడు తడిబట్టలు విప్పించి దుప్పటి చుట్టాడు. ఆ వేడి ఒంటికి తగిలాక ఎవరికైనా లేవబుద్ధి కాదు. ఈయన పొడుగు ప్యాంటు ఒకటి అడిగి తొడుక్కుని, వద్దంటున్నా వినకుండా మళ్లీ బయటికి వచ్చి సైకిలెక్కాడు. ముందుపోయినవాళ్లను ఒక్కొక్కరిని దాటుకుంటూ పోయి సాన్ రెమో చేరాడు. 12 గంటలకు పైగా పట్టింది. ఆయన తర్వాత లెక్కలోకి వచ్చిన మనిషి గంటకు పైగా వెనక. చివరికి పందెం పూర్తిచేసినట్టు రాసుకున్నది నలుగురినే.

ఆ గెలుపుకు ఆయన కట్టిన ఖరీదు కూడా చెప్పాలి. చలికి దెబ్బతిన్న చేతులతో నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మునుపటి ఆరోగ్యం రావడానికి రెండేళ్లు పట్టింది. కూలిమనిషికి ఒళ్లు చెడితే ఇల్లు ఎట్లా గడుస్తుందో తెలిసిన ఊళ్లలో పెరిగాను. అందుకే ఈ రెండేళ్లు నాకు ఆ గెలుపు కంటే పెద్దగా కనిపిస్తాయి.

1912 నాటికి పూర్తిగా కోలుకున్నాడు. ఆ ఏడు టూర్‌లో వరుసగా మూడు రోజుల పందేలు గెలిచాడు. మూడోది శామొనీ నుంచి గ్రెనోబ్ల్‌కు 366 కిలోమీటర్లు. అందులో 315 కిలోమీటర్లు ఆయన ముందు మనిషి లేడు, పక్కన మనిషి లేడు. ఆల్ప్స్ పర్వతాలను ఒంటరిగా దాటాడు. టూర్ చరిత్రలో అంత దూరం ఒంటరిగా ముందుపోయినవాడు వేరొకడు లేడంటారు. అప్పటి లెక్క కాలాన్ని బట్టి ఉండేది కాదు. ఏ స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. మొదటి మనిషి గంట ముందొచ్చినా, జానెడు ముందొచ్చినా లెక్క ఒకటే. బెల్జియం నుంచి వచ్చిన ఓదిల్ దెఫ్రాయ్ నిలకడగా పాయింట్లు కూడబెట్టి గెలిచాడు. క్రిస్టోఫ్ రెండోవాడయ్యాడు. మరుసటి ఏడు నిర్వాహకులు పాయింట్లు తీసేసి మళ్లీ గడియారం లెక్క పెట్టారు. క్రిస్టోఫ్ లాంటివాడికి అది అచ్చొచ్చే లెక్క.

1913 జులై 9. బయోన్ నుంచి లుషోన్‌కు 326 కిలోమీటర్లు. దారిలో పిరనీస్ పెద్ద కనుమలన్నీ ఎక్కి దిగాలి. వాటిలో తుర్మలే ఎత్తు 2,115 మీటర్లు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి నాలుగింతలు అనుకోండి. అప్పటికి మొత్తం లెక్కలో క్రిస్టోఫ్ రెండోవాడు. ముందున్న దెఫ్రాయ్ ఆనాడు వెనకబడిపోయాడు. తుర్మలే శిఖరం మీద బెల్జియం కుర్రాడు ఫిలిప్ తిస్ ముందు, కొద్ది వెనకగా క్రిస్టోఫ్. లెక్క చూస్తే టూర్ ఆయన చేతికి వచ్చినట్టే. దిగుడు మొదలైంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది.

ఫోర్కు ఎందుకు విరుగుతుందో చెబుతాను. మా చిన్నాయినకు కల్వకుర్తిలో సైకిల్ షాపు ఉండేది. గంటకు చారాణా లెక్కన కిరాయికి ఇచ్చే బండ్లు, పాలోళ్ల బండ్లు, రెండు పక్కలా కల్లుకుండలు కట్టుకుని తిరిగే గౌండ్లవాళ్ల బండ్లు అన్నీ అక్కడికే వచ్చేవి. బండి రాగానే ఆయన మొదట టైరు చూడడు, ముందు ఫోర్కు మెడ దగ్గర గుడ్డతో తుడిచి చూస్తాడు. ఒకసారి ఒక పాలాయన బండి మీద రంగులో వెంట్రుకంత గీత చూపించాడు నాకు.

"గీ గీత చూసినవారా? గిది ఇయ్యాల్టిది గాదు. లోపల ఎప్పటిసందో నడుస్తున్నది. ఇగ ఒక్క గుంత చాలు దీనికి."

పాలాయన, "ఇంకో నెల రోజులు నడువదా పటేలా?" అని బతిమాలుకున్నాడు. చిన్నాయిన బండి ఇయ్యనే లేదు.

ఇనుము ఒక్క దెబ్బకు విరగడం తక్కువ. వేల చిన్న దెబ్బలకు అలసిపోయి విరుగుతుంది. రాయి మీద పడ్డప్పుడల్లా, బ్రేకు పట్టినప్పుడల్లా ఫోర్కు కాళ్లు కొంచెం వెనక్కి వంగి మళ్లీ ముందుకొస్తాయి. ఎక్కడ మలుపు ఇరుకుగా ఉందో అక్కడ, అంటే మెడ దగ్గర, కంటికి కనబడని పగులు పుడుతుంది. రోజుకింత పెరుగుతుంది. కంకర దారిలో కొండ దిగే మనిషి బరువంతా, వేగమంతా ముందు చక్రం మీదే పడుతుంది. టూర్‌లో అది ఆరో విడత పందెం. ఆ గొట్టం ఎన్ని వేలసార్లు వంగి లేచి ఉంటుందో ఊహించవచ్చు.

క్రిస్టోఫ్ ఏడ్చాడు. ఆ సంగతి తర్వాత తనే చెప్పుకున్నాడు. సైకిలు భుజాన వేసుకుని, ముందు చక్రం చేత పట్టుకుని, మేకల బాటల వెంట అడ్డదారిన దిగాడు. తాను దాటివచ్చినవాళ్లందరూ మళ్లీ తనను దాటుకుని పోతుంటే పది కిలోమీటర్లకు పైగా నడిచాడు. కింద సెంట్ మరీ ద కాంపాన్ చేరి, కమ్మరి ఇల్లెక్కడని అడిగితే ఒక ఆడపిల్ల దారి చూపింది. కమ్మరి పేరు లకోంత్. చూసి, తనే చేసిపెడతానన్నాడు. చేయనిస్తే పందెం పోతుంది. వెంట వచ్చిన అధికారులు కొలిమి దగ్గరే నిలబడి చూస్తున్నారు. కమ్మరి నోటితో చెప్పవచ్చు, చెయ్యి మాత్రం వేయరాదు. తన కొలిమిలో, తన పనిముట్లతో పరాయి మనిషి పని చేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడడం పనివాడికి ఎంత కష్టమో! లకోంత్ అట్లాగే నిలబడ్డాడు.

ఇక్కడ మా తాత కొలిమి గురించి చెప్పాలి. మిరుగం ముందు రోజుల్లో తెల్లారకముందే రైతులు కర్రులు పట్టుకొచ్చి వరుసగా కూర్చునేవాళ్లు. పైసలు ఉండవు. పంట మీద మేర ఇస్తారు. నేను తిత్తి దగ్గర కూర్చునేవాణ్ణి. తిత్తి అంటే తోలుసంచి. దాన్ని లాగి వదులుతుంటే గాలి మట్టిగొట్టం గుండా బొగ్గుల అడుక్కు పోతుంది. తాత పటకారుతో ఇనుము పట్టి కూర్చుంటాడు. మా నాయనమ్మ సమ్మెట ఎత్తుతుంది. అతుకు పెట్టే రోజు అయితే తాత ముఖం మారిపోయేది. మాట్లాడడు, ఎవరినీ మాట్లాడనివ్వడు. ఇనుము ఎరుపు దాటి, నారింజ దాటి, పసుపు దాటి తెలుపుకు తిరుగుతుంది. వెలిగారం చల్లుతాడు. అప్పుడు ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణం ముందు కొడితే అంటుకోదు, దాటితే మిణుగురులు ఎగసి ఇనుము కాలిపోతుంది. ఆ క్షణం రావాలంటే గాలి ఒక్క తీరుగా ఆడాలి.

"ఆపకు బిడ్డా, ఆపకు. పోటు తగ్గితే మల్ల మొదటికొస్తది" అనేవాడు తాత, కళ్లు నిప్పుల మీంచి తీయకుండానే.

అందుకే కొలిమి పని ఎక్కడా ఒంటిమనిషి పని కాదు. ఇనుము పట్టినవాడు గాలి ఆడించడానికి పోతే ఇనుము కదిలిపోతుంది. గాలి ఆడించేవాడు ఇనుము చూడడానికి లేస్తే నిప్పు చల్లారుతుంది. నాగలి కర్రు అంటే మందపు ఇనుము, కొంచెం ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. ఫోర్కు పలచటి గొట్టం. క్షణంలో కాలిపోతుంది, దెబ్బ కొంచెం ఎక్కువైతే అణగిపోతుంది. ఐటీఐలో గ్యాసు మంటతో పలచటి గొట్టం అతకడం నేర్పేటప్పుడు మంచి పిల్లలు కూడా మొదట్లో గొట్టానికి చిల్లులు పెట్టేవాళ్లు. అది మీటలు తిప్పితే చెప్పినట్టు వినే మంట. క్రిస్టోఫ్ ముందు ఉన్నది బొగ్గుల నిప్పు. వెనక పది కిలోమీటర్ల నడక, అంతకుముందు రెండు కనుమలు. వీపు వెనక గడియారం పట్టుకున్న అధికారులు.

మూడు గంటలకు పైగా పట్టింది. అతికాడు. మలకోఫ్ తాళాల పనివాడు తన బాల్యపు చదువును మరిచిపోలేదు. కానీ ఆ మూడు గంటల్లో ఒక చోట రెండు చేతులూ ఇనుము మీద ఉండి, తిత్తి ఆడించడానికి మూడో చెయ్యి లేకపోయింది. కొలిమి దగ్గరున్న ఏడేళ్ల పిల్లవాడు, కోర్ని అని పేరు, తిత్తి లాగాడు. అధికారులు రాసుకున్నారు. పరాయి సాయం తీసుకున్నందుకు పది నిమిషాలు శిక్ష.

నియమం నియమమే అని దెగ్రాంజ్ పక్షాన మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట నేను ఒప్పుకోను. ఒక పని ఇద్దరు లేనిదే జరగదని తెలిసి, ఒక్కడివే చెయ్యమనడం ఆ పని తెలియనివాళ్లు పెట్టిన నియమం. కమ్మరి చేత అతికించుకుంటే తప్పు అనండి, ఒప్పుకుంటాను. ఆ నేర్పు కమ్మరిది అవుతుంది గనుక. గాలికి నేర్పు ఎక్కడిది? తిత్తి లాగిన పిల్లవాడి వల్ల అతుకు కుదరలేదు, ఇనుము రంగు చూసి క్షణం పట్టుకున్నవాడి వల్ల కుదిరింది. ఆ నేర్పు అంతా క్రిస్టోఫ్‌ది. ఇది తిత్తి దగ్గర బాల్యం గడిపినవాడిగా చెబుతున్న మాట. తర్వాత నిర్వాహకులే పది నిమిషాలను మూడుకు తగ్గించారు. ఆ మూడు కూడా ఉండకూడదు.

మొత్తం మీద ఆయన పోగొట్టుకున్నది నాలుగు గంటల దాకా. ఆ రోజు పందెం తిస్ గెలిచాడు, చివరికి టూర్ కూడా తిస్‌దే. ఇంకొకడైతే ఆ రాత్రే రైలెక్కి ఇంటికి పోయేవాడు. క్రిస్టోఫ్ లుషోన్ చేరి, మిగిలిన ఆల్ప్స్ కొండలన్నీ దాటి, పారిస్ దాకా తొక్కి ఏడో స్థానంలో నిలిచాడు. నాలుగు గంటలు పోయాక ఏడో స్థానం!

మరుసటి ఏడు టూర్ అయిన కొద్ది రోజులకే యుద్ధం వచ్చింది. 1907, 1908 టూర్‌లు గెలిచిన లూసియాన్ పెతీ బ్రెతోన్, 1909లో గెలిచిన ఫ్రాంస్వా ఫాబేర్, 1910లో గెలిచిన ఒక్తావ్ లాపీజ్ ముగ్గురూ ఆ యుద్ధకాలంలో పోయారు. లాపీజ్ విమానం నడిపేవాడు, ఆకాశంలోనే కూలాడు. క్రిస్టోఫ్‌ను సైకిల్ దళంలోకి తీసుకున్నారు. బతికి బయటపడ్డాడు.

1919లో టూర్ మళ్లీ మొదలయ్యేసరికి ఆయనకు 34 ఏళ్లు. దేశమంతా శిథిలం. టైర్లకు కరువు, బట్టకు కరువు. కంపెనీలు విడివిడిగా పోషించలేక ఒక్క కూటమిగా కలిశాయి. చాలామందికి ఒకే రకం బూడిదరంగు చొక్కాలు. 67 మంది బయలుదేరితే చివరికి లెక్కలో మిగిలింది 10 మంది. రోడ్డు పక్కన నిలబడ్డ జనానికి ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో తెలిసేది కాదు. ముందున్నవాడికి ప్రత్యేకమైన చొక్కా ఇవ్వాలని నిర్ణయించారు. 'లోటో' పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, చొక్కా కూడా పసుపే. జులై 19న గ్రెనోబ్ల్‌లో దాన్ని క్రిస్టోఫ్‌కు తొడిగించారు. టూర్ రికార్డుల్లో మొట్టమొదటి పసుపు జెర్సీ అదే. ఇవాళ ప్రపంచంలో ఏ మూల సైకిల్ పందెం చూసేవాడికైనా ఆ రంగు తెలుసు. ఆయనకు మాత్రం ఆ రోజు అది నచ్చలేదు. దారి పొడవునా జనం కెనరీ పిట్ట అంటూ అరిచేవాళ్లు.

ఇంకో రెండు రోజుల పందెం మిగిలింది. రెండోవాడు లాంబో కంటే అరగంట దాకా ముందున్నాడు. మెట్జ్ నుంచి దంకర్క్‌కు 468 కిలోమీటర్లు. యుద్ధం దున్నేసిన నేల, బండరాళ్లు పరిచిన దారులు. వలాన్సియెన్ దగ్గర ఫోర్కు మళ్లీ విరిగింది. ఈసారి దగ్గరలో సైకిళ్లు చేసే కార్ఖానా ఉంది. నియమం మాత్రం మారలేదు. మళ్లీ తన చేతులతోనే. గంటకు పైగా పోయింది. పసుపు జెర్సీ లాంబో ఒంటి మీదికి పోయింది. క్రిస్టోఫ్ మూడోవాడుగా పారిస్ చేరాడు.

జనం ఊరుకోలేదు. 'లోటో' పాఠకులు చందాలు పంపడం మొదలుపెట్టారు. పంపినవాళ్ల పేర్లు ఆ పత్రికలో అచ్చవుతూ పోయాయి. రోత్‌షీల్డ్ కుటుంబంలోని ధనికుడి నుంచి కొద్ది ఫ్రాంకులు పోగేసిన కూలి దాకా అందరూ ఇచ్చారు. 13 వేల ఫ్రాంకులకు పైగా పోగైంది. టూర్ గెలిచి ఉంటే అంత డబ్బు వచ్చేది కాదు. సొమ్ము కంటే ఆ చందా పంపినవాళ్లు ఎవరన్నది నాకు ముఖ్యం. కర్మాగారాల్లో, కొలుముల్లో పనిచేసేవాళ్లకు విరిగిన పనిముట్టు అంటే ఏమిటో తెలుసు. ఆ దినం కూలి పోతుంది, తప్పు తనది కాకపోయినా.

తర్వాతి సంవత్సరాలను ఆయన చివరిరోజులుగా రాసి దాటేస్తుంటారు. అది సరికాదు. 35 ఏళ్ల వయసులో, 1920లో, పారిస్–టూర్స్ గెలిచాడు. అదే ఏడు బోర్దో–పారిస్ గెలిచాడు, 1921లో మళ్లీ గెలిచాడు. బోర్దో–పారిస్ అంటే ఒకే విడతలో 500 కిలోమీటర్లు దాటే పందెం. సైక్లోక్రాస్ జాతీయ విజేత కూడా 1921లో మళ్లీ ఆయనే. 1922 టూర్‌లో, 37 ఏళ్ల వయసులో, పసుపు జెర్సీ మళ్లీ తొడిగాడు. అంత వయసులో దాన్ని తొడిగినవాడు నేటిదాకా మరొకడు లేడు. అదే టూర్‌లో గాలిబియే కనుమ దిగుతుంటే మూడోసారి ఫోర్కు విరిగింది. అయినా ఎనిమిదో స్థానం తెచ్చుకున్నాడు. 1925లో, నలభై ఏళ్లకు, చివరి టూర్ తొక్కి 18వ స్థానంలో పూర్తిచేశాడు. పెద్ద మీసాలను చూసి మొదట్లోనే 'ముసలి గాల్' అని పిలిచిన జనం ఎదుటే నిజంగా పెద్దవాడై, 1926లో ఆపాడు.

సెంట్ మరీ ద కాంపాన్‌లో కొలిమి ఉన్న చోట 1951లో ఫ్రెంచ్ సైక్లింగ్ సమాఖ్య ఫలకం పెట్టింది. అప్పటికి ఆయన ఉన్నాడు. 1970 ఫిబ్రవరి 1న పారిస్‌లో 85 ఏళ్ల వయసులో పోయాడు. విగ్రహం 2014లో వచ్చింది. ఇప్పటి టూర్‌లో ఫోర్కు విరిగితే వెనక కారులోంచి మెకానిక్ దూకి నిమిషం లోపే వేరే సైకిలు చేతికిస్తాడు. దాన్ని తప్పని ఎవరూ అనరు.

పందేలు మానాక కూడా ఆయన పేరు ఇనుముతోనే నడిచింది. పెడలు మీద పాదం జారకుండా పట్టి ఉంచే చిన్న ఉక్కు కొక్కెం, దాన్ని బిగించే తోలుపట్టీ 'క్రిస్టోఫ్' పేరుతో బజారులోకి వచ్చాయి. వంచిన రేకు, నాలుగు రంధ్రాలు, ఒక బకిలు. పాదం పట్టు తప్పకుండా, కాలు పైకి లేచేటప్పుడు కూడా చైను లాగేటట్టు చేసే పనిముట్టు. 1980లలో పాదరక్షను నేరుగా పెడలుకు బిగించే కొత్త పద్ధతి వచ్చేదాకా ప్రపంచమంతటా పందెగాళ్లు అటువంటి కొక్కేల్లోనే కాళ్లు పెట్టారు. తర్వాతి కాలపు పందెగాడు ఎడీ మెర్క్స్ తన ఐదు టూర్‌లూ అట్లాగే గెలిచాడు.